అమ్మగారు కింద కూర్చోగలరా?

జపాన్ యాత్రంటే విమానం టిక్కెట్టు, హోటల్ గది దొరికితే చాలనుకుంటాం. అవి ఫోన్లో మనమే బుక్ చేసుకోవచ్చు. మరి ట్రావెల్ సలహాదారుకు డబ్బులివ్వడం ఎందుకు? ఆ దేశ సంస్కృతిని దగ్గర్నుంచి చూడాలంటే... కొన్ని తలుపులు ముందే తట్టాలి కాబట్టి!

క్యోటోలోని సైహోజీనే తీసుకోండి. 'నాచు గుడి'గా పేరొందిన ఈ బౌద్ధాలయం 1994లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ముందుగా పేరు నమోదు చేసుకోకుండా నేరుగా వెళ్తే తోట చూడకుండానే వెనక్కి రావాలి.

తేదీలతోనూ తంటానే. మన పిల్లలకు వేసవి సెలవులిచ్చే ఏప్రిల్ చివర్లోనే అక్కడ 'గోల్డెన్ వీక్' మొదలవుతుంది. మే మొదటివారం దాకా రైళ్లూ హోటళ్లూ కిటకిటే!

రైలు పాసుకీ లెక్క చూడాలి. ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి వెళ్లిరావడానికే అయితే విడి టిక్కెట్లే చవక.

శాకాహారులకు అసలు పరీక్ష భోజనం దగ్గరే. చేప కనిపించని సూపులోనూ ఎండుచేప తురుముతో కాచిన 'దాషి' ఉండొచ్చు. కోయసాన్ కొండమీద ఆ బెంగ తక్కువ. తొమ్మిదో శతాబ్దంలో కూకాయ్ అనే భిక్షువు నెలకొల్పిన ఈ క్షేత్రంలో యాభైకి పైగా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. మాంసం, చేప లేని 'షోజిన్ ర్యోరి' వడ్డిస్తాయి. అయితే, పడక మాత్రం సాధారణంగా నేలమీద పరుపే. చాలాచోట్ల స్నానాల గది ఉమ్మడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇబ్బందే.

అందుకే సలహాదారు చెప్పే ధరకన్నా ముందు ఆయన అడిగే ప్రశ్నలు వినండి. 'ఎంతమంది, ఎన్ని రోజులు' దగ్గరే ఆగిపోతే ప్యాకేజీ అమ్ముతున్నట్టు. 'మీ అమ్మగారు కింద కూర్చోగలరా? ఇంట్లో చేప తిననివాళ్లున్నారా?' అంటే మీ కోసం ప్రయాణాన్ని అల్లుతున్నట్టు! రుసుమెంత, హోటళ్ల నుంచి కమీషన్ వస్తుందా అన్నది మీరూ మొహమాటపడకుండా అడగండి. యాత్ర రద్దయితే ఎంత తిరిగిస్తారో కాగితమ్మీద రాయించుకోండి.

మంచి సలహాదారు మనం అడగనిదీ చూపిస్తారు. నారాలోని తోదాయ్‌జీలో మహాబుద్ధుడి విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. అది తెలిసి ఆ విగ్రహం ముందు నిలబడితే... పరాయి దేశంలో ఉన్నామనిపించదు!