పొయ్యి ఒప్పని సీతాఫలం

మఫిన్ల మీద మనసైనవాళ్ళకి ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో ఎదురయ్యే మొదటి చిక్కు బ్లూబెర్రీ. వంటల పుస్తకాలన్నీ దాన్నే పట్టుకు వేళ్ళాడతాయి. మా రైల్వే కాలనీ పక్కనున్న బుధవారీ బజారులో అది దొరకదు. దొరకనక్కర్లేదు కూడా. అక్కడి గంపల్లో ఏ నెలకు ఏ పండు దిగితే ఆ నెలకు అదే మఫిన్ అన్నది నా పద్ధతి. అయితే పండు రుచిగా ఉన్నంత మాత్రాన ఓవెన్‌కి పనికొస్తుందనుకోకూడదు.

సీతాఫలమే తీసుకోండి. వానలు వెనక్కి తగ్గగానే కాంకేర్ సీతాఫలాలు బజారుకొస్తాయి. వాటి తీపికి వంక పెట్టలేం. కానీ గుజ్జుకి బాగా వేడి తగిలితే చేదెక్కుతుంది, రంగు కూడా మారుతుంది. మఫిన్ ఉడికేసరికి లోపల 90 డిగ్రీలు దాటుతుంది మరి. అంచేత దాన్ని చెంచాతో తినేసి ఊరుకోవడమే మర్యాద.

చలికాలంలో వచ్చే జామ అలా కాదు. ఇక్కడివాళ్ళు బీహీ అంటారు. బాగా మగ్గిన కాయల్ని మెదిపి, జల్లెడలో రుద్ది గింజలు తీసేయాలి. ఈ పనికి బద్ధకిస్తే పంటికే చేటు. జామలో పెక్టిన్ దండిగా ఉంటుంది కాబట్టి మఫిన్ మర్నాటికీ ఎండిపోదు. రెండు కప్పుల మైదాకి ఒక కప్పు గుజ్జు, ముప్పావు కప్పు పెరుగు, అరకప్పు నూనె, ముప్పావు కప్పు పంచదార, రెండు గుడ్లు, రెండు చెంచాల బేకింగ్ పౌడర్. తడివి ఒక గిన్నెలో, పొడివి ఒక గిన్నెలో కలిపి, చివర్లో రెంటినీ ఒకటి చేసి నాలుగు తిప్పులు తిప్పి వదిలేయాలి. అక్కడక్కడా పిండి కనిపించినా ఫరవాలేదు. గారెల పిండిలా గిలక్కొడితే మైదాలో జిగురు సాగి మఫిన్ రబ్బరు ముక్కవుతుంది. 190 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు దాటాక పుల్ల గుచ్చి చూడండి.

నాకు అన్నిటికన్నా ఇష్టం రేగు, భోగికి ఇంటికొచ్చే పండు. విజయనగరం–రాయపూర్ లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రాకపోకలు తేలికయ్యాయి. రైల్వే కొలువులకని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగిళ్ళలో భోగిపళ్ళు పోయని ఇల్లుండదు. బజారులో బోయిర్ అని అడిగితే శేరు లెక్కన పోసేస్తారు. పిల్లల తలమీంచి దొర్లి మంచం కిందికి పోయినవి పోగా, బుట్టలో ఇంకా బోలెడు మిగులుతాయి. వాటిని కాసిని నీళ్ళలో ఉడికించి, గింజలు తీసి, బెల్లం వేసి దగ్గరపెడితే పులుపూ తీపీ కలిసిన ముద్ద వస్తుంది. ఆ పులుపుంది కాబట్టి ఈ మఫిన్‌కి అరచెంచా వంటసోడా చాలు, చక్కగా పొంగుతుంది. పైన బాదం బదులు సారపప్పు చల్లుతాను. ఛత్తీస్‌గఢ్ అడవుల పంట అది.

ఎదురింటి పెద్దమ్మగారు శ్రీకాకుళం మనిషి. తిని, “రేగొడియం లాగే ఉందే అమ్మా, కాపోతే మెత్తగా ఉంది” అన్నారు. పొగిడారనే లెక్క వేసుకున్నాను.

నేరేడుతో మాత్రం జాగ్రత్త. దాని ఊదారంగు పులుపులో ఎర్రబారుతుంది, సోడా ఎక్కువైతే ఆకుపచ్చ కలిసిన బూడిదరంగుకి తిరుగుతుంది. తినడానికి ఏమీ కాదు గాని పిల్లలు ముట్టరు. సోడా మానేసి బేకింగ్ పౌడర్‌తో సరిపెట్టి, ఇంకొంచెం పెరుగు పోయండి.

ఇక మామిడి. మే నెలలో బిలాస్‌పూర్ 45 డిగ్రీలని తాకుతుంటే వంటింట్లో ఓవెన్ వెలిగించడం నా దృష్టిలో ఇంట్లోవాళ్ళ మీద కక్ష తీర్చుకోవడమే. గుజ్జు తీసి ఫ్రీజర్లో పెట్టుకుంటే డిసెంబరులో వాడుకోవచ్చు. “అప్పుడది ఏ కాలం పండవుతుందే?” అని పెద్దమ్మగారు అడిగారు. డిసెంబరు వచ్చాక తిని చెప్పమన్నాను.