ఆదిభట్ల దారిలో జమైకా తాళం

ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు పట్టుకోండి. తుర్కయాంజాల్ దాటి, బొంగ్లూరు గేటు దగ్గర మలుపు తిరిగితే ఆదిభట్ల! రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గరున్న ఈ ఊరి పేరు వినగానే పెద్దవాళ్లకి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు గుర్తొస్తారు. ఆయనది మాత్రం విజయనగరం సీమ. కుర్రకారుకి ఆదిభట్ల అంటే టీసీఎస్ క్యాంపస్, విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు. అపాచీ హెలికాప్టర్ల బాడీలు 2018 నుంచీ ఇక్కడే తయారవుతున్నాయంటే మాటలా మరి!

అన్నట్టు, నారాయణదాసుగారు కన్నుమూసింది 1945 జనవరి 2న. ఆ ఏడే ఫిబ్రవరి 6న జమైకాలో బాబ్ మార్లే పుట్టాడు. కాకతాళీయమే అనుకోండి. కానీ ఇద్దరి విద్యకీ ఒక పోలిక ఉంది. ఎదురుగా జనం లేకపోతే ఆ విద్య సగమే! హరిదాసు అడిగినప్పుడు సభంతా 'గోవిందా' అనకపోతే కథకి ఊపెక్కడిదీ?

మార్లే 'లైవ్!' ఆల్బమ్ విన్నవాళ్లకి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. 1975 జులైలో లండన్ లైసియంలో ఆయన బృందం 'ది వెయిలర్స్' కచేరీ చేసింది. దాన్ని రికార్డు చేసి ఆ డిసెంబర్లోనే విడుదల చేశారు. మొత్తం ఏడే పాటలు! వాటిలో 'నో ఉమన్, నో క్రై' 1974లోనే స్టూడియోలో పాడినదే. అప్పుడది నాలుగు నిమిషాల లోపు పాట. లైసియంలో నడక నిదానించి ఏడు నిమిషాలు దాటింది. ఆర్గన్ మోగగానే మార్లే కంటే ముందే జనం ఎత్తుకుంటారు! లోకమంతా తిరిగింది ఆ కచేరీ పాటే. 1984లో వచ్చిన 'లెజెండ్' సంకలనంలోకి ఎక్కిందీ అదే.

ఆ పేరుకి 'ఆడది లేకపోతే ఏడుపే లేదు' అని అర్థం చెప్పుకునే చమత్కారులున్నారు. కాదండీ బాబూ! జమైకా యాసలో అది 'వద్దమ్మా, ఏడవకు' అనే ఓదార్పు. కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ అనే పేదవాడలో గడిపిన రోజుల్ని తలుచుకునే పాట. అక్కడ పేదలకు అన్నం పెట్టిన స్నేహితుడు విన్సెంట్ ఫోర్డ్ పేరునే రచయితగా వేశారు.

ఇక తాళం సంగతి. మన భజనలో చిడతలు దెబ్బ మీద పడతాయి. రెగెలో గిటారు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో పలుకుతుంది. డ్రమ్ము చాలాసార్లు మొదటి దెబ్బ వదిలేసి మూడోదాని మీద బరువు వేస్తుంది. ఆ వదిలిన చోట మన తల దానంతటదే ఊగుతుంది. అరవయ్యేళ్లాయనకైనా, పదహారేళ్ల వాడికైనా ఒక్కలాగే!

మనకి ఇలాంటిది లేదా అంటే, ఎందుకు లేదూ? 1979లో తీసిన 'మా భూమి'లో గద్దర్ గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని పాడిన పాట గుర్తు చేసుకోండి. రాసినవాడు యాదగిరి. సాయుధ పోరాటం నాటి పాట సినిమాకెక్కి, క్యాసెట్ల మీద ఊళ్లు తిరిగి, తాతల నుంచి మనవలకి అందింది. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. పాట పోలేదు. ఇప్పుడు తెలంగాణ సినిమా అవార్డులే ఆయన పేరు మీద ఇస్తున్నారు.

ఆదిభట్లలో ఇది వట్టి సంగీత చర్చ కాదు సుమా! ఒకప్పటి చేల పక్కన అద్దాల మేడలు లేచాయి. తండ్రికి తెలిసింది నాగలి, కొడుక్కి తెలిసింది కంప్యూటర్. రాత్రి అన్నం దగ్గర ఇద్దరూ కలిసి మాట్లాడుకునేది ఏముంటుంది? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అదీ లేదు. ఒకరి పాట ఇంకొకరికి వినపడదు.

జనం గొంతు కలిసిన పాటకి ఆ తలుపు తీసే శక్తి ఉంది. అది వినడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. 2024లో 'బాబ్ మార్లే: వన్ లవ్' సినిమా వచ్చాక కొత్త కుర్రాళ్లు మార్లేని మళ్లీ వెతుక్కున్నారు. మంచిదే! కానీ ఒక్క పని చేయండి. ఈసారి 'లైవ్!' పెట్టినప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేసి, ఇంట్లో నాన్నకి కూడా వినపడేలా పెట్టండి. తర్వాత ఆయన్ని ఒక పాట అడగండి. ఆయన దగ్గర పాటలు లేవని మీకెవరు చెప్పారు?