మలయా విహారంలో ఒక బొగ్గూరు

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరినప్పుడు ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం ఉన్నారు. పదిహేను నెలలు పైబడిన ఆ యాత్రలో ఎక్కడ మజిలీ చేయాలో, ఎప్పుడు కదలాలో నిర్ణయించినది ఆయనే. మాది ఇరవైఇద్దరి పరివారం, ఏడు రోజుల యాత్ర. మజిలీలను నిర్ణయించినది మాత్రం ఒక పసుపుపచ్చని జెండా. దానిని ఎత్తి పట్టుకున్న కుర్రవాడు ఎటు నడిస్తే అటే మేమూను.

భారతీయులను వీసా లేకుండానే రానిస్తామని మలేషియా ప్రకటించి, 2023 డిసెంబరు 1 నుండి అమలులో పెట్టింది. ఆ వార్త మా గోదావరిఖని కాలనీలో ఉదయపు నడకల వారి నడుమ పడి, నెల తిరగకుండానే మలేషియా-సింగపూర్ ప్రయాణంగా ముదిరింది. సింగపూరుకు వీసా తప్పలేదనుకోండి, అది వేరే కథ. జట్టులో అధికులు సింగరేణిలో పదవీ విరమణ చేసినవారూ, వారి ఇల్లాండ్రూ. బడిపంతుళ్ళం ఇద్దరమే. 2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం రాజీవ్ రహదారి మీదుగా శంషాబాదుకు బయలుదేరాము. సామానులో సగం సకినాలు, మామిడి తొక్కు, పల్లిపొడి.

విమానం దిగేసరికి గడియారాలు రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవలసి వచ్చింది. పోయిన ఆ రెండున్నర గంటల నిద్ర యాత్ర ముగిసేదాకా మాకు తిరిగి రాలేదు. ముందు సీట్ల కోసం రెండవ నాడే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. 452 మీటర్ల జంట గోపురాల వద్ద మాకు ఇచ్చిన వ్యవధి నలభై నిమిషాలు. చాకొలెట్ల దుకాణంలో గంటన్నర. ఆ దుకాణానికీ పసుపు జెండాకూ ఉన్న బాంధవ్యం ఏమిటో చదువరులు ఊహించుకోగలరు.

ఇంత గందరగోళంలోనూ ఎవరూ తప్పిపోకపోవడానికి కారణం ఒక్కరు. నేను వరసకు బావా అని పిలిచే ఒక విశ్రాంత మైనింగ్ సర్దారు. బాయిలోకి తన వెంట దిగినవారు ఎందరో, పైకి వచ్చినవారు ఎందరో ముప్పై ఏళ్ళు లెక్క చూసిన మనిషి. బస్సు కదిలే ముందు ప్రతిసారీ నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. "సారూ, ఇరవై ఒక్కటే వస్తున్నై. ఒగలు తక్కువున్నరు, మస్టర్ పడలే" అనేవాడు. జెండా కుర్రవాడు విసుక్కున్నా బస్సును కదలనిచ్చేవాడు కాదు. పళ్ళ దుకాణంలో బేరమాడుతూ దిగబడిపోయిన మా వదినగారు ఆ పట్టుదల వల్లనే రెండుసార్లు మాకు దక్కారు.

నాకు మాత్రం ఆ దేశపు నామఫలకాలే పెద్ద వినోదం. మలయు భాషలో భాషను 'బహాస' అంటారు, మనిషిని 'మనుసియా' అంటారు, ఉపాధ్యాయుణ్ణి 'గురు' అనే అంటారు. నేను బడిపంతులునని తెలిసిన నాటి నుండి బస్సు డ్రైవరు నన్ను 'చిక్‌గు' అని పిలువసాగాడు. అయ్యా గురువుగారూ అన్న పిలుపట అది. పదవీ విరమణ తరువాత ఇంత నిండుగా నన్నెవరూ పిలువలేదు.

ఆ డ్రైవరు వల్లనే అసలు సంగతి బయటపడింది. బాటు గుహల వద్ద, 2006లో ప్రతిష్ఠించిన 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం పాదాల చెంత, మెట్లెక్కలేక బావ కూర్చుండిపోయాడు. 272 మెట్లు. బొగ్గుధూళి తిన్న ఊపిరితిత్తులకు అవి చాలా ఎక్కువ. నేనూ ఆయనకు తోడుగా ఆగాను. పొద్దుపోక, 'బాటు' అంటే ఏమిటని డ్రైవరును అడిగితే రాయి అన్నాడు. "చిక్‌గు, బాటు ఆరంగ్ అని ఇంకో ఊరుంది, అక్కడ పూర్వం బొగ్గు తవ్వేవారు" అని చేర్చాడు. ఆరంగ్ అంటే బొగ్గట. మన 'అంగారం' చెవిన మోగింది గాని, ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి చెప్పడం పండితులకు తగదు, విడిచిపెట్టండి.

బావ లేచి నిలబడ్డాడు. "సారూ, గా బాయి సూడాలె."

మరునాడు గెంటింగ్ కొండల విహారం. తీగ మీద పెట్టెలో ఎక్కి మబ్బుల్లోకి పోవడం, పైన జూదశాల. అది మానుకుని బాటు ఆరంగ్ వెళ్తామనగానే బస్సులో దుమారం రేగింది. "లచ్చ రూపాయలు పెట్టి వచ్చి బొగ్గు సూస్తరా? ఇంటి ముంగట లేదా?" అన్నారొకరు. ఇందులో న్యాయం లేకపోలేదు. యాత్ర ఏర్పాటు చేసిన సంస్థవారు, బాధ్యత మాదేనని కాగితం వ్రాయించుకున్నారు. కొండ టిక్కెట్టు సొమ్ము సంగతి తరువాత చూద్దామన్నారు. బావ ఇల్లాలు రాత్రంతా అలిగి, తెల్లవారి తానే ముందుగా వచ్చి వ్యానులో కూర్చుంది. మొత్తం ఆరుగురం.

కౌలాలంపూరు కూడా గనివాళ్ళ ఊరే. 1857లో తగరం వెదుకుతూ వచ్చిన చీనా కూలీల మకాము అది, వారిలో చాలామంది మలేరియాతో పోయారు. బాటు ఆరంగ్ దానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1908 ప్రాంతంలో బొగ్గు కనబడి, 1915 నుండి తవ్వకాలు సాగాయి. మలయా రైళ్ళకూ విద్యుత్తుకూ ఆ బొగ్గే ఆధారం. 1937 మార్చిలో కార్మికులు సమ్మె చేసి గనిని తమ చేతిలోకి తీసుకుంటే పోలీసు బలగాలు దిగవలసి వచ్చిందట. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా బాయి దిగని మా వాళ్ళకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేకపోయింది. రైళ్ళు చమురుకు మారాయి. 1960లో గని మూతపడింది.

ఇప్పుడక్కడ పాత చెక్క దుకాణాల వరుస, ఇటుకబట్టీల పొగగొట్టం, తవ్వకపు గుంటల్లో నీరు నిండి ఏర్పడిన చెరువులు. పొదలు కమ్మిన ఒక పాత కట్టడం వద్ద బావ ఎంతోసేపు నిలబడ్డాడు. సీమెంత మందం, గాలి ఎటునుండి తోలేవారు, కప్పు కూలేదా, తట్టా చెమ్మస్ పనేనా? ఆయన అడిగినవి నాకు తెలియవు. టీకొట్టు నడిపే అరవ పెద్దాయనకు కొంత తెలుసు. వారి తండ్రి అందులో బొగ్గెత్తినవాడట. నాకు వచ్చిన అరకొర అరవంతో ఇటువి అటూ, అటువి ఇటూ చేరవేశాను.

"బంద్ అయినంక మంది యాడికి పోయిన్రు?" అని అడిగాడు బావ.

కొందరు రబ్బరు తోటలకు, కొందరు రవాంగ్ సిమెంటు ఫ్యాక్టరీకి, కొందరు నగరానికి. తన తండ్రి మాత్రం కదలలేదని పెద్దాయన చెప్పాడు. మరి బ్రతుకెట్లా గడిచిందంటే టీకొట్టు వైపు చేయి చూపాడు.

బావ కొడుకు ఇప్పుడు అదే సింగరేణిలో ఉన్నాడు. 1990ల మొదట్లో లక్షకు పైబడిన సంస్థ కార్మికులు ఇప్పుడు నలభై వేల చేరువలో ఉన్నారు. మా చుట్టూ భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరుగుతున్నాయి. ఈ లెక్కలు బావకు నాకంటే బాగా తెలుసు. తిరుగు దారిలో ఆయన మాట్లాడలేదు. వదిన సకినాల సంచీ విప్పి తలా రెండు పెట్టింది.

హోటలు చేరేసరికి తక్కినవారి భోజనాలు ముగిశాయి. కొండమీద మంచు కమ్మి వాళ్ళకు అడుగు దూరం కూడా కనబడలేదని తెలిసినప్పుడు మా ఆరుగురి ముఖాలలో మెదలిన భావాన్ని వర్ణించడం మర్యాద కాదు. అయినా వాళ్ళే మాకోసం రెండు గిన్నెలనిండా పెరుగన్నం అడిగి తీసిపెట్టారు. అందులో ఆ "లచ్చ రూపాయల" పెద్దమనిషీ ఉన్నాడు. ఆ రాత్రి నడవాలో కుర్చీలు వేసుకుని ఆయన బావను ఒక్కొక్కటే అడుగసాగాడు. ఆయనా ఒకప్పుడు హాలర్ డ్రైవరే.

సింగపూరు శుభ్రంగా ఉంది. రెండు రోజులు కాళ్ళు పుండ్లయ్యేలా నడిచాము. విడిగా చెప్పవలసినదేమీ లేదు.

కొండ టిక్కెట్టు సొమ్ము మాత్రం ఆరుగురిలో ఒక్కరికీ ఇంతవరకూ తిరిగి రాలేదు.