మొహం మీద చెప్పేవాళ్ళు

తనను తాను తెలుసుకోవాలంటే మనిషికి ఏకాంతం కావాలని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. ఏకాంతానికి అమెరికాలో సియాటెల్ పక్కనున్న మా బాతెల్‌లో కొదవ లేదు. చలికాలమంతా ముసురు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. చెప్పాపెట్టకుండా తలుపు తట్టే పొరుగువాళ్ళు ఉండరు. ఇన్నేళ్ళుగా ఇక్కడి మనవాళ్ళని చూశాక నాకు ఒకటి అనిపిస్తోంది. ఒంటరిగా కూర్చుంటే మన ఆలోచనలు మనకు తెలుస్తాయేమో గానీ, మన తీరు మాత్రం ఇంకొకరు చెబితేనే తెలుస్తుంది.

ఆ మధ్య ఎండాకాలంలో ఒక స్నేహితుడి తండ్రిగారు తెనాలి నుంచి వచ్చారు. అందరం కలిసి సమ్మామిష్ నది వెంట ఉన్న బాట మీద నడుస్తున్నాం. ఏదో ఇంటి లోను మాట వచ్చింది. కాసేపు విన్న పెద్దాయన కొడుకుతో నెమ్మదిగా అన్నారు: "ఒరేయ్, ఎవరేం చెప్పినా నువ్వు ముందు 'అది కాదు' అంటావు. తర్వాత వాళ్ళు చెప్పిందే నువ్వూ చెబుతావు. ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడు, చూసుకో." కొడుకు మారు మాట్లాడలేదు. కోడలు కూడా ఏమీ అనలేదు గానీ, మామగారి వైపు ఆమె చూసిన చూపు నాకు గుర్తుండిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆఫీసులో అతనికి మంచి రేటింగులే వస్తున్నాయి. ఈ ముక్క మాత్రం ఏ రివ్యూలోనూ ఎవరూ రాయలేదు.

రాయకపోవడానికి కారణాలున్నాయి. ఆఫీసులో ఎవరి భయం వాళ్ళది. బయట స్నేహితులే మనకు చుట్టాలు. రాత్రి పూట ఎయిర్‌పోర్టుకి దింపేది వాళ్ళే, మనకు జ్వరం వస్తే పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేదీ వాళ్ళే. ఒక్క మాట తేడా వస్తే ఆ నాలుగిళ్ళూ దూరమైపోతాయని జంకు. అందుకే శనివారం విందుల్లో ఇళ్ళ ధరలు, గ్రీన్ కార్డులు, పిల్లల కాలేజీల దగ్గరే కబుర్లు ఆగిపోతాయి. ఊళ్ళో అయితే మేనమామో, పిన్నో, ఎదురింటి మామ్మో అడక్కుండానే అనేసేవాళ్ళు. వాళ్ళన్నవన్నీ మంచి మాటలని నేను అనను. రంగు గురించీ మార్కుల గురించీ అన్న మాటలు కొందరిని జీవితాంతం బాధపెట్టాయి. కానీ ఆ గోలలోనే, మనమెలా ఉన్నామో నిజంగా చూసి చెప్పినవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇక్కడికి వచ్చాక ఆ రెండూ పోయాయి.

అయినా అలా చెప్పేవాళ్ళు ఇక్కడ దొరికిన మనిషి ఒకరున్నారు. ఆ నది బాట సుమారు 10 మైళ్ళు సాగి రెడ్మండ్ చేరుతుంది. అక్కడే మైక్రోసాఫ్ట్ ఉంది. 2014 ఫిబ్రవరిలో దానికి సీఈఓ అయిన సత్య నాదెళ్ళ, 2017లో వచ్చిన తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో 1992లో అక్కడ ఉద్యోగానికి వెళ్ళిన ఇంటర్వ్యూ సంగతి చెప్పుకున్నారు. రోడ్డు మీద పసిపాప పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని ఇంటర్వ్యూ చేసిన రిచర్డ్ టెయిట్ అడిగితే, 911కి ఫోన్ చేస్తానన్నారు. బయటికి సాగనంపుతూ టెయిట్, ఏడ్చే బిడ్డని ముందు ఎత్తుకోవాలయ్యా అని చెప్పారు. తర్వాత 1996లో నాదెళ్ళ దంపతులకు సెరిబ్రల్ పాల్సీతో కొడుకు పుట్టాడు. మనకే ఎందుకిలా అని ఈయన కుమిలిపోతుంటే, భార్య అను బిడ్డని థెరపీలకు తిప్పుతూ ఉంది. ఆమెని చూశాకే, కష్టం వచ్చింది తనకు కాదు, బిడ్డకని ఆయనకు అర్థమైంది. 2014 అక్టోబరులో ఒక సభలో, ఆడవాళ్ళు జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకుంటే చాలన్నట్టు మాట్లాడారు. అదే వేదిక మీద ఉన్న మరియా క్లావే, అప్పటి మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు, ఒప్పుకోనని అక్కడికక్కడే చెప్పారు. తాను చెప్పింది పూర్తిగా తప్పని ఆ రోజే ఆయన ఉద్యోగులకు రాశారు. ఆయన తెలివితేటల గురించి లోకమంతా చెబుతుంది. నాకు పెద్దవిగా కనిపించేవి ఈ మూడు ఘట్టాలు. మూడింట్లోనూ పక్కన ఇంకో మనిషి ఉన్నారు.

అందరికీ అంతటి అదృష్టం ఉండదు. టాషా యూరిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు దాదాపు 5,000 మందితో చేసిన అధ్యయనాల గురించి 2018లో రాశారు. మా గురించి మాకు తెలుసని చాలామంది నమ్ముతారట, నిజంగా తెలిసినవాళ్ళు 10 నుంచి 15 శాతమేనట. హోదా పెరిగేకొద్దీ మనిషి తన గురించి తాను ఎక్కువగా ఊహించుకుంటాడనీ, నిజం చెప్పేవాళ్ళు తగ్గిపోవడం దానికొక కారణమనీ ఆమె అంటారు. సీనియర్లయి, డైరెక్టర్లయిన మనవాళ్ళు చాలామంది ఉన్న ఊరు ఇది. ఈ మాట మనం పట్టించుకోవాలి.

మదనపల్లెలో 1895లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓహైలో 1986లో కన్నుమూసిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఇదే దారి చూపించారు. తన కోసం కట్టిన సంస్థనే 1929లో రద్దు చేసి, గురువులు వద్దన్న మనిషి ఆయన. అలాంటివారే, మనల్ని మనం చూసుకునే అద్దం తోటివారితో మన సంబంధాలేనని జీవితాంతం చెప్పారు. భార్యతో మాట్లాడేటప్పుడు, పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన గొంతు ఎలా మారుతోందో చూసుకోమన్నదే ఆ మాటలకు నేను తీసుకున్న అర్థం.

చెప్పేవాళ్ళు లేనప్పుడు మనమే అడగాలి. నాలో లోపమేంటని అడిగితే ఎవరూ చెప్పరు, మొహమాటపడతారు. ఫలానా రోజు ఫలానా చోట నేను మాట్లాడింది నీకెలా అనిపించిందని అడగండి. మీ బాగు కోరేవాళ్ళనీ, మీకు భయపడనివాళ్ళనీ చూసి అడగండి. టీనేజి పిల్లలు ఇంట్లో ఉంటే ముందు వాళ్ళనే అడగండి. వాళ్ళు చెబుతున్నంతసేపూ మధ్యలో సంజాయిషీ ఇవ్వకండి. ఇచ్చారా, మళ్ళీ ఎప్పుడూ చెప్పరు.