వడపోస్తే మిగిలే పల్లాడియం

మా నాయన హోసూరులో మోటారుసైకిళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తారు. "సైలెన్సరు లోపల ఏముంటుంది నాయనా?" అని అడిగితే, "తేనెపట్టు మాదిరి గూడు ఉంటుంది. దానికి ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల పూత. చాలా ఖరీదు" అన్నారు. విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఆ పూతను తాకుతూ పోయి కార్బన్ డయాక్సైడు అవుతుంది. పూత మాత్రం ఖర్చు కాదు. మా పాఠంలో ఉత్ప్రేరకం అని చదివింది ఇదే.

రసాయనాల తయారీలో ఇంకో చిక్కు ఉంది. ద్రావణంలో కరిగిన పల్లాడియం సరుకులో కలిసిపోతే మళ్లీ తీయడం కష్టం. హైదరాబాదులోని ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం గార్ల బృందం 2002లో దీనికొక దారి చూపింది. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడు పొరల మీద పల్లాడియం నానోకణాలను నిలబెట్టారు. చర్య అయిపోయాక వడపోసి, మళ్లీ వాడుకోవచ్చు. మా అవ్వ కూడా టీపొడిని వడపోసి రెండోసారి మరిగిస్తుంది. కాకపోతే ఆ రెండో టీ మేము తాగలేము!

లక్ష్మీకాంతం గారు 2013లో ఐఐసీటీకి మొదటి మహిళా డైరెక్టరు అయ్యారు. ఈ సంగతి మా అత్తకు రెండుసార్లు చెప్పాను. ప్లస్ వన్‌లో నేను చేరబోయే చోట సైన్సు తెలుగులో లేదు, "ఆడపిల్లకి కామర్సు చాలదా?" అంటుంది అత్త. ఉత్ప్రేరకాన్ని తమిళంలో 'వినైయూక్కి' అనీ, ఇంగ్లీషులో 'క్యాటలిస్టు' అనీ ఇప్పటికే నేర్చుకున్నాను. అత్త ఇంకా ఒప్పుకోలేదు. నాయన మాత్రం ప్లస్ వన్ కెమిస్ట్రీ పాత పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయో విచారిస్తున్నారు.