చలికాలం బొమ్మల కబుర్లు

చలికాలమంటే పుస్తకాల కాలం. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, కొత్త సంవత్సరం రాగానే విజయవాడ పుస్తక ప్రదర్శన. కామిక్స్ గీసేవాళ్లకైతే జనవరి అంటే ఫ్రాన్సులోని అంగులేమ్ ఉత్సవం. 1974లో మొదలైన ఆ ఉత్సవం 2026లో జరగలేదు. నిర్వాహకుల తీరు నచ్చక వందలమంది రచయితలు, చిత్రకారులు మేం రామంటే రామన్నారు. 2025లో అక్కడే పెద్ద బహుమతి అందుకున్న అనూక్ రికార్ కూడా వాళ్ల పక్షానే నిలబడింది. గీసేవాళ్లే రానప్పుడు ఉత్సవం ఎవరికోసం? వాళ్లు చేసింది మంచి పనే.

ఇక పుస్తకాలు. టెస్సా హల్స్ ‘ఫీడింగ్ గోస్ట్స్’ దొరికితే ముందు అదే చదవండి. వాళ్ల అమ్మమ్మ షాంఘైలో విలేకరి. కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక వేధింపులు పడలేక కూతుర్ని వెంటబెట్టుకుని హాంకాంగ్ పారిపోయింది. ఆత్మకథ రాసి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత మతి చలించింది. ఆ భయం కూతురికీ, మనవరాలికీ ఎలా సంక్రమించిందో హల్స్ దాదాపు పదేళ్లు కూర్చుని నలుపు తెలుపుల్లో గీసింది. కొన్ని పేజీల్లో నల్లసిరా ఎంత దట్టంగా కమ్ముకుంటుందంటే, ఆ ఇంట్లో గాలాడనట్టే ఉంటుంది. 2025లో దీనికి పులిట్జర్ వచ్చింది. 1992లో ఆర్ట్ స్పీగల్‌మన్ కామిక్ ‘మౌస్’కి పులిట్జర్ వాళ్లు ఇచ్చింది ప్రత్యేక పురస్కారం. ఇదేమో ఆత్మకథల విభాగంలో, మామూలు పుస్తకాలతో పోటీపడి గెలిచింది.

వార్తల్ని కామిక్స్‌గా గీసే విలేకరి జో సాకో ఈసారి మన దేశానికే వచ్చాడు. ‘ద వన్స్ అండ్ ఫ్యూచర్ రయట్’ 2013 నాటి ముజఫర్‌నగర్ అల్లర్ల గురించి. ఒకే సంఘటనను జాట్లు ఒకలా, ముస్లింలు ఒకలా చెబుతారు. సాకో రెండూ గీస్తాడు, చెప్పేవాళ్ల మొహాలతో సహా. నోరు ఒకటి చెబుతుంటే కళ్లు ఇంకొకటి చెప్పడం వార్తాపత్రికలో కనబడదు, ఇక్కడ కనబడుతుంది.

క్రెయిగ్ థాంప్సన్ ‘జిన్‌సెంగ్ రూట్స్’ కొంచెం సాగింది. కానీ అన్నదమ్ములు చిన్నప్పుడు విస్కాన్సిన్ పొలాల్లో కలుపు తీసి, ఆ కూలి డబ్బులతో కామిక్స్ కొనుక్కునే పేజీల కోసమైనా చదవాలి.

పాతదైనా ఒకటి చెప్పాలి. నర్మదా ఆనకట్టల మీద ఒరిజిత్ సేన్ 1994లో వేసిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ చాలాకాలం ఎక్కడా దొరకలేదు. 2022లో చెన్నై బ్లాఫ్ట్ వాళ్లు మళ్లీ అచ్చువేశారు. అది చదువుతున్నంతసేపూ నాకు పోలవరమే గుర్తొచ్చింది. ఆ ప్రాజెక్టు ముంపు వల్ల దేవీపట్నం, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన ముసలివాళ్లు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. బొమ్మలు వేసే పిల్లలెవరైనా వాళ్ల దగ్గరికి ఈ ఏడాదే వెళ్తే బాగుండును.