అతుకా, అద్దమా?

అక్వేరియం కారితే ఎవరైనా "పారేసి కొత్తది కొనుక్కోండి" అనేస్తారు. మావారూ అదే అన్నారు. కానీ అది అమ్మాయి హాస్టల్‌కి వెళ్తూ నాకు అప్పగించిన తొట్టి. చేపల్ని అందులోని నీళ్లతోనే టబ్బులోకి మార్చి, కారేచోటు వెతికాను.

అడుగు అద్దం బీటలు వారి ఉంటే నేనూ వద్దనేదాన్నే. 50 లీటర్లంటే 50 కిలోల బరువు కదా! మాది మూల అతుకు ఊడింది, అంతే. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటుకోదు. అందుకే బ్లేడుతో మొత్తం గీకేసి, బూజు మందు కలిపిన బాత్‌రూమ్ రకం కాకుండా అక్వేరియం సిలికానే పట్టించాను. 2 రోజులు ఆరాక, కింద పాత పేపర్లు పరిచి నీళ్లు నింపాను. తెల్లారి చూస్తే పేపర్లు పొడిగానే ఉన్నాయి.

దసరా సెలవులకి అమ్మాయి వచ్చేసరికి ఆ మూల ఖాళీగా కనబడకూడదు. బాగయ్యేదాన్ని పారేయడానికి నాకు మనసొప్పదు.